పఢా నహీ గయా

ఈ సంగతి రాయాలని మూడు నెలల్నుంచి అనుకుంటున్నాను. శరమ్ అడ్డొచ్చి ఆగిపోయాను. ఇరవై రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ మీద రోటీ తింటున్నవాణ్ణి. చుట్టాల్లో ఏ పిల్లాడు బీటెక్‌లో చేరినా ముందు నాకే ఫోన్ వస్తుంది, భాయ్, ఏ బ్రాంచి మంచిది అని. అలాంటి నేనే మా నానీ తాలూకు అసలైన కాగితాన్ని వకీలు ముందు దొంగ కాగితంలా నిలబెట్టాను. అదీ, ఒక్క రాత్రిలో ఏఐ యాప్ కట్టేశానన్న ఖుషీలో.

అల్లా దయవల్ల మా అబ్బా ఉన్నారు కాబట్టి బయటపడ్డాను. మనలో చాలా ఇళ్ళలో పిల్లలు ఇదే చదువులో ఉన్నారు, చాలా ఇళ్ళలో ఇలాంటి కాగితాలూ ఉన్నాయి. అందుకని శరమ్ పక్కన పెట్టి రాస్తున్నాను.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది, రేకు పెట్టె అడుగున పాత దస్తీలో చుట్టిన కాగితాల కట్ట. బైనామా, తక్సీంనామా, నికానామా, పహాణీ నకలు. హైదరాబాద్ రాజ్యంలో దఫ్తర్ల భాష 1880లలో ఫార్సీ నుంచి ఉర్దూకి మారింది. అందుకే తెలంగాణలో మన ఇళ్ళల్లోనే కాదు, ఊళ్ళో రెడ్ల ఇళ్ళల్లో, గౌడ్ల ఇళ్ళల్లో కూడా తాతల నాటి భూమి కాగితాలు ఉర్దూలో దొరుకుతాయి. కాగితం ఉంది, చదివేవాడు లేడు. మనం ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, బళ్ళో తెలుగు చదివాం. నా సంగతే చూడండి. ఒక కాతిబ్ కొడుకునై ఉండి, అచ్చు ఉర్దూని కూడబలుక్కుని చదువుతాను. చేతిరాత అయితే కష్టం. అందులోనూ షికస్తా అయితే, అంటే అక్షరాలు విరిచి, కలిపేసి, నుఖ్తాలు వదిలేసి దఫ్తర్లో పరుగు మీద రాసిన రాత అయితే, ఒక్క ముక్క అర్థం కాదు.

మా ఖాలా, అంటే అమ్మీకి అక్క, పాలమూరు వైపు ఒక పల్లెలో ఉంటుంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి. ఇంటి జాగా మీద, వెనకున్న ఎకరం పొలం మీద పేచీ వచ్చింది. నానా ఆ రెండూ నానీకి మహర్ కింద రాసిచ్చారు. ఆ కాగితం ఖాలా దగ్గరుంది. వకీలు, ముందు ఇందులో ఏముందో తెలుగులో చెప్పండి, తర్వాత చూద్దాం అన్నాడట. ఖాలా కొడుకు ఫోటో తీసి నాకు పంపాడు, ఖాలూకి చూపించు భాయ్ అని. అబ్బాకి అప్పుడే మోతీబిందు ఆపరేషన్ అయింది. పదిహేను రోజులు చదవొద్దని డాక్టర్ చెప్పాడు. ఆయన్ని ఎందుకు తక్లీఫ్ పెట్టడం, ఈ కాలంలో ఇది నేను చేయలేనా అనుకున్నాను.

ఎందుకలా అనుకున్నానో చెప్పాలంటే మా పని ఎలా మారిందో కొంచెం చెప్పాలి.

2021లో గిట్‌హబ్ కోపైలట్ వచ్చినప్పుడు అది చేసింది, మేం రాస్తున్న వరసని పూర్తి చేయడం. మనం సగం మాట అంటే మిగతా సగం అందించే షాగిర్ద్ లాగ. 2022 నవంబర్ ఆఖర్లో చాట్‌జీపీటీ వచ్చింది. అడిగి, జవాబు చూసి, కాపీ చేసుకునేవాళ్ళం. ఇప్పుడు నడుస్తున్నది ఏజెంట్ల కాలం. ఏజెంట్ మన టెర్మినల్‌లో కూర్చుంటుంది. పని చెబితే చాలు, ఫైళ్ళు తనే తెరిచి చదువుతుంది, కోడ్ తనే రాస్తుంది, తనే నడిపి చూస్తుంది, తప్పొస్తే తప్పు చదువుకుని మళ్ళీ రాస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఆంద్రే కర్పాతీ, ఓపెన్‌ఏఐని మొదలుపెట్టినవాళ్ళలో ఒకాయన, దీనికి వైబ్ కోడింగ్ అని పేరు పెట్టాడు. కోడ్ చూడకుండా, ఏం కావాలో చెప్పుకుంటూ పోవడం. వారాంతపు సరదా పనులకి బాగానే ఉంటుందని ఆయన అన్నాడు. ఆ సరదా అన్న మాట మాత్రం చాలామంది వినలేదు. నేనూ వినలేదు.

ఇషా అయ్యాక కూర్చున్నాను. ఫోటో తీసుకో, ఉర్దూ చదువు, తెలుగులో చెప్పు, పీడీఎఫ్ చేసి ఇవ్వు అని ఏజెంట్‌కి రాశాను. రాత్రి రెండింటికల్లా యాప్ తయారు. పదేళ్ళ కింద అయితే ఇద్దరు మనుషులకి రెండు మూడు వారాల పని. నిజానికి అలాంటి యాప్‌లో అకల్ ఏమీ ఉండదు. అది ఫోటోని ఎక్కడో ఉన్న పెద్ద మోడల్‌కి పంపిస్తుంది, అది ఇచ్చిన జవాబుని తెచ్చి మనకి చూపిస్తుంది. ఆ జవాబు చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఎంత సాఫుగా ఉంది తెలుగు! నానా పేరు, నానీ పేరు, హద్దులు, గవాహీలు. తేదీ ఖుర్దాద్ 14, 1358 హిజ్రీ, అనగా 1939వ సంవత్సరం. మహర్ మొత్తం 500 రూపాయలు. ఫజర్ నమాజ్ అవగానే ఖాలా కొడుక్కి పంపించేశాను. వాడు ప్రింట్ తీసి వకీలుకి ఇచ్చాడు.

తొమ్మిదో రోజు ఆఫీసులో ఉండగా ఖాలా ఫోన్ చేసింది. మాట రావడం లేదు. మెల్లగా అడిగితే చెప్పింది. వకీలు లెక్క వేశాడట. అమ్మా, ఈ తేదీకి మీ నాయనకి పదమూడేళ్ళు, మీ అమ్మకి ఎనిమిది. నికా కాకుండానే మహర్ ఎక్కడిది? ఈ కాగితం పట్టుకుని కోర్టుకెళ్తే మనమే ఇరుక్కుంటాం అన్నాడట.

“బేటా, మా అబ్బాజాన్ దొంగ కాగితం రాశారా?” అంది ఖాలా.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం ఇంటికొచ్చి అబ్బా ముందు లాప్‌టాప్ పెట్టాను. ఆపరేషన్ అయి పద్దెనిమిది రోజులైంది. భూతద్దం తెమ్మన్నారు. ఫోటోని పెద్దది చేయమన్నారు. పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వారు.

“ఖుర్దాద్ హిజ్రీలో ఎక్కణ్ణుంచి వచ్చింది రే? ముహర్రం, సఫర్... బారా నెలలు నీకు రావా?”

నిజమే కదా. నెల పేరు హిజ్రీ నెల కానే కాదు. నా కళ్ళముందే రాసి ఉంది, నేను చూడలేదు. అబ్బా సాలు పక్కనున్న చిన్న గుర్తు మీద వేలు పెట్టారు. “ఇది హే కాదు, ఫే. ఫే అంటే ఫస్లీ.”

హైదరాబాద్ రాజ్యంలో సర్కారీ కాగితాలన్నీ ఫస్లీ సాలు మీద నడిచేవి. అది పంటల లెక్క కోసం పెట్టిన సాలు. అక్టోబర్‌లో ఆజుర్ నెలతో మొదలవుతుంది. ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఇలా నెలల పేర్లన్నీ ఫార్సీవి. ఖుర్దాద్ ఏడో నెల. 1358 హిజ్రీ అయితే 1939 అవుతుంది. 1358 ఫస్లీ ఖుర్దాద్ అయితే 1949 అవుతుంది. ఒక్క అక్షరం దగ్గర పదేళ్ళు మారిపోయాయి. 1949కి నానాకి ఇరవై మూడేళ్ళు. నికా అయి రెండేళ్ళు. పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు. అమ్మీ వంటింటి గడప దగ్గర నిలబడి అంతా వింటోంది. “ఆ రోజుల్లో బయటికెళ్ళిన మగాడు ఇంటికి తిరిగొస్తాడో లేదో తెలియదు. అందుకే ఇల్లు అమ్మీ పేరు మీద పెట్టి ఉంటారు అబ్బాజాన్” అంది. అంతవరకూ అది నాకు ఒక ఫోటో ఫైలు. అప్పుడు మా నానా కాగితమైంది.

“మరి 500 రూపాయలు?” అని అడిగాను.

అబ్బా మళ్ళీ భూతద్దం పెట్టారు. అక్కడ అంకెలే లేవు. వంకర టింకర గుర్తులున్నాయి. దాన్ని రఖమ్ అంటారు. సియాఖ్ అని కూడా అంటారు. అరబీలో అంకెల పేర్లని కుదించి, ముడివేసి రాసే పద్ధతి. మొఘలుల కాలం నుంచి దఫ్తర్లలో డబ్బు లెక్కలు ఇలాగే రాసేవారు. అబ్బాకి ఉస్తాద్ నేర్పారట. 2018లో యూనికోడ్ వాళ్ళు ఈ గుర్తులకి కూడా చోటిచ్చారు. అంటే కంప్యూటర్లో దాచుకోవడానికి వీలైంది. చదవడం వేరే సంగతి. అబ్బా మొదటి గుర్తు చదివారు, రెండు వందలు. దాని తర్వాత ఇంకో గుర్తుంది. సరిగ్గా మడత మీద పడి చిరిగింది. చాలాసేపు చూశారు. తర్వాత నా నోట్‌బుక్ తీసుకుని ఆ చోట ఉర్దూలో మూడు మాటలు రాశారు. పఢా నహీ గయా. చదవడానికి రాలేదు.

నేను ఆ మూడు మాటలకేసి చూస్తూ ఉండిపోయాను. మోడల్ 500 అని ఎక్కణ్ణుంచి తెచ్చింది? కాగితంలోంచి తేలేదు. ఇలాంటి మోడళ్ళు ముందున్న దాన్ని బట్టి తర్వాత ఏ ముక్క వచ్చే వీలుందో అంచనా కడుతూ పోతాయి. మహర్ మొత్తం అన్నాక ఒక అంకె రావాలి, ఆ కాలానికి తగ్గట్టు ఒకటి వేసింది. అబద్ధం చెప్పాలని కాదు. ఖాళీ వదిలేయమని ఎవరూ చెప్పలేదు, తనంత తాను వదల్లేదు. చదివిన ముక్క, ఊహించిన ముక్క, రెండూ ఒకే సాఫు తెలుగులో ఉంటే ఏది ఏదో నాకెలా తెలుస్తుంది?

మా అబ్బా గురించి కొంచెం చెప్పాలి. 1973 నుంచి 1997 దాకా ఆయన ఒక ఉర్దూ అఖ్బార్‌లో కాతిబ్. అప్పుడు ఉర్దూ పేపరంటే రోజూ చేత్తో రాసిందే. రెల్లు కలం, దానికి ఖత్ కొట్టుకోవడం, బటర్ పేపర్ మీద నస్తలీఖ్‌లో వార్తలు రాయడం. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే ఆయన నూరీ నస్తలీఖ్ చేశాడు. వేల కొద్దీ అక్షరాల జోడింపులు చేత్తో రాసి వాటిని యంత్రంలోకి ఎక్కించారు. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. మామూలు కంప్యూటర్లో ఎవరైనా నస్తలీఖ్ టైపు చేసుకోవచ్చు. 1997లో అబ్బా పనిచేసే చోట పదకొండు మంది కాతిబ్‌లకి హిసాబ్ చేసి పంపేశారు. నేను అప్పుడు ఇంటర్లో ఉన్నాను. అబ్బా నెలరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు నన్ను తీసుకెళ్ళి కంప్యూటర్ సెంటర్లో చేర్పించారు. ఫీజు కట్టడానికి అమ్మీ గాజులు పోయాయి. ఇదంతా నా ఉద్యోగానికి పునాది. మా ఇంట్లో దీన్ని ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఆరు నెలల తర్వాత ఆ పేపరువాళ్ళు మళ్ళీ కబురు పంపారు. టైపు చేసే పిల్లలకి వేగం ఉంది, ఉర్దూ లేదు. మరణవార్తల్లో పేర్లు తప్పు పడుతున్నాయి. ఇద్దర్ని వెనక్కి పిలిచారు, రాయడానికి కాదు, తస్హీహ్‌కి. అంటే తప్పులు దిద్దడానికి. ఆ ఇద్దరిలో అబ్బా ఒకరు. మిగతా తొమ్మిది మందిలో కొందరు ఛత్తా బజార్‌లో షాదీ కార్డులు రాసుకున్నారు. ఒకాయన ఆటో తోలాడు. ఇది కూడా చెప్పాలి. పాత పని పోయినా కొత్త పని వస్తుందిలే అని మా దఫ్తర్లలో పెద్దవాళ్ళు చెబుతుంటే నాకు ఆ తొమ్మిది మంది గుర్తొస్తారు. వచ్చింది, నిజమే. ఇద్దరికి వచ్చింది.

ఆ రాత్రి ఖాలాకి ఫోన్ చేసి చెప్పాను. తప్పు నానాది కాదు, నాదని. ఖాలా ఏమీ అనలేదు. “నీ అబ్బా చూశారు కదా, చాలు” అంది. ఆ మాట నన్ను తిట్టినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత యాప్‌ని మళ్ళీ మొదటి నుంచి కట్టాను. ఈసారి రెండున్నర నెలలు పట్టింది. మీ పిల్లలు ఈ పనిలో ఉంటే వాళ్ళకి పనికొస్తుందని ఏం మార్చానో చెబుతాను.

మొదటిది, కసౌటీ. అంటే గీటురాయి. చుట్టాలిళ్ళ నుంచి నలభై కాగితాలు తెచ్చాను. అబ్బా కళ్ళు కుదుటపడ్డాక రోజుకి ఒకటి చొప్పున వరస వరసా చదివి సాఫుగా రాసిచ్చారు. చదవలేనిచోట పఢా నహీ గయా అని రాశారు. మోడల్‌కి ఇచ్చే మాటలు మార్చినా, మోడల్నే మార్చినా, ఆ నలభై మీద నడిపి ఎన్ని కుదిరాయో లెక్క చూస్తాను. మా భాషలో దీన్ని ఎవాల్ అంటారు. ఏఐ యాప్ కట్టడంలో అసలు మెహనత్ ఇక్కడుంది. కోడ్ రాయడం ఇప్పుడు చౌక. అది సరిగ్గా ఉందో లేదో చెప్పేది చౌక కాలేదు.

రెండోది, లెక్క కట్టగలిగేదాన్ని మోడల్‌కి వదలకూడదు. ఫస్లీ నుంచి మామూలు సాలుకి మార్చడం వట్టి కూడిక. అది పాతకాలపు మామూలు కోడ్‌తో చేయాలి. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు వస్తుంది. మోడల్ పని ఆ గుర్తు ఫే నా, హే నా అని చూడటం వరకే. అది కూడా ఫోటోలో ఆ ముక్కని పక్కనే చూపించి మనిషిని అడుగుతుంది.

మూడోది, ఉర్దూ చదవడం వేరు, తెలుగు చేయడం వేరు. ముందు రెండూ ఒకేసారి చేయించాను. తర్జుమా అందంగా ఉండటంతో చదవడంలో తప్పు దాక్కుంది. ఇప్పుడు ముందు ఉర్దూ వరస, తర్వాత తెలుగు వరస, పక్కన ఫోటో వరస. నమ్మకం లేని మాట ఉంటే ఖాళీ. ఖాళీ వదిలితే మార్కులు పోవు, ఊహించి తప్పు రాస్తే రెండు మార్కులు పోతాయి అని ఎవాల్లో పెట్టాను. దాన్ని చూసుకుంటూ మాటలు మార్చుకుంటూ పోతే యాప్ మెల్లగా ఖాళీలు వదలడం మొదలుపెట్టింది.

నాలుగోది, అమానత్. మొదటి రాత్రి ఖాలాని అడగకుండానే వాళ్ళ భూమి కాగితాన్ని సముద్రాల అవతల సర్వర్‌కి పంపించాను. ఇప్పుడు ముందు చెబుతాను, ఈ ఫోటో బయటికి పోతుంది, పంపనా అని. పని అయ్యాక మా దగ్గర చెరిపేస్తాను. అవతలివాళ్ళు ఎన్నాళ్ళు ఉంచుకుంటారన్నది షరతుల్లో చదివి, అది కూడా చెబుతాను.

ఖర్చు లెక్క కూడా ఒకటుంది, మన భాషలవాళ్ళకి తెలియాల్సింది. ఈ మోడళ్ళు రాతని టోకెన్లనే ముక్కలు చేసుకుని చదువుతాయి. ముక్కల లెక్కన డబ్బు తీసుకుంటారు. 2024 మేలో జీపీటీ-4ఓ తెచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ ఒకే పలకరింపుని ఎన్నో భాషల్లో చూపించింది. ఇంగ్లీషులో అది 27 నుంచి 24 ముక్కలకి తగ్గింది. ఉర్దూలో 82 నుంచి 33కి, తెలుగులో 159 నుంచి 45కి. అంటే అంతకు ముందు అదే మాట తెలుగులో చెప్పుకోవడానికి దాదాపు ఆరు రెట్లు ముక్కలు. ఇప్పుడు రెండు రెట్లకి దిగింది. ఇద్దరు పిల్లల చదువుల మధ్య ఇలాంటి యాప్ నడపగలుగుతున్నానంటే అది ఒక కారణం.

ఇంత జాగ్రత్తపడినా ఇంకోసారి మోసపోబోయాను. ఒక రాత్రి నలభైలో ఆరు కాగితాలు తప్పుతున్నాయి. నిద్ర ముంచుకొస్తోంది. అన్ని టెస్టులూ పాస్ అయ్యేలా చెయ్యి అని ఏజెంట్‌కి చెప్పి చాయ్ తాగడానికి లేచాను. వచ్చేసరికి నలభైకి నలభై. పచ్చ టిక్కులు. పడుకుందామనుకుని, ఎందుకో ఏం మార్చిందో చూశాను. నా కోడ్‌లో మార్చింది కొంచెమే. నాలుగు చోట్ల అబ్బా రాసిచ్చిన జవాబునే మార్చేసింది. మోడల్ చదివిన దానికి తగ్గట్టుగా. ఒకచోట అబ్బా పఢా నహీ గయా అని రాసింది తీసేసి అక్కడ ఒక పేరు పెట్టింది.

తెల్లారి అబ్బాకి చెబితే పడీ పడీ నవ్వారు. “కాపీ కొట్టేవాణ్ణి చూశాను గానీ, టీచర్ కాపీనే దిద్దేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా” అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఏజెంట్ నేనడిగిందే చేసింది. టెస్టులు పాస్ కావాలన్నాను, అయ్యాయి. కాగితం సరిగ్గా చదవాలని నేను అనలేదు. ఇప్పుడు అబ్బా రాసిన ఫైళ్ళున్న ఫోల్డర్‌కి తాళం వేశాను. ఏజెంట్ చదవగలదు, ముట్టుకోలేదు. అది చేసిన ప్రతి మార్పూ నేను చదివాకే లోపలికి వెళుతుంది. దాంతో వేగం తగ్గింది. 2025 జూలైలో మీటర్ అనే పరిశోధన సంస్థ ఒక పరీక్ష ఫలితం చెప్పింది. చేయి తిరిగిన 16 మంది డెవలపర్లకి వాళ్ళకి బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులిచ్చింది, కొన్ని ఏఐతో, కొన్ని లేకుండా. ఏఐతో చేసినవాటికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. చేసినవాళ్ళు మాత్రం 20 శాతం తొందరగా అయిందని నమ్మారు. అది ఆ యేడు మొదట్లో ఉన్న పనిముట్ల మాట, పనిముట్లు అప్పటినుంచి మారాయి. కానీ ఆ నమ్మకం ఉంది చూశారూ, ఆ మొదటి రాత్రి రెండింటికి నాకున్నది అదే.

ఇక మా బిటియా సంగతి. బీటెక్ రెండో సంవత్సరం. ఈ యాప్ మొదలైనప్పుడు ఒక మాట అంది, నాకు నిద్ర పట్టలేదు. “అబ్బూ, అంతా అదే రాస్తుంటే నేను నాలుగేళ్ళు చదివి ఏం చేయాలి?” మీ ఇళ్ళల్లో కూడా ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. భరోసాగా చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. మా దఫ్తర్లో కొత్త పిల్లల్ని తీసుకోవడం తగ్గింది. మొదటి రెండేళ్ళు మేం నేర్చుకున్న చిన్న చిన్న పనులే ఇప్పుడు ఏజెంట్ చేస్తోంది. ఆ చిన్న పనులు చేయకుండా రేపు దిద్దేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? అబ్బా తస్హీహ్ చేయగలిగారంటే ఇరవై నాలుగేళ్ళు రాశారు కాబట్టి. నేను ఆ రాత్రి చేయలేకపోయానంటే నాకు ఉర్దూ రాదు కాబట్టి. కోడ్ తప్పయితే పట్టేవాణ్ణి. తప్పు ఉర్దూలో ఉంది.

జవాబు చెప్పలేక బిటియాకి పని ఇచ్చాను. ఫస్లీ లెక్క కోడ్ నువ్వే రాయి, ఏజెంట్ లేకుండా, అన్నాను. గంటలో చేసేస్తానంది. నాలుగు రోజులు పట్టింది. మూడో రోజు దాదా దగ్గర కూర్చుని నెలల పేర్లు చెప్పించుకుంటూ ఒక సందేహం తెచ్చింది. ఆజుర్, దై, బహ్మన్ నెలలకి 590 కలపాలి, ఇస్ఫందార్ నుంచి 591. సరే. కానీ సాలు అక్టోబర్ ఒకటినే మొదలవకపోతే బహ్మన్ ఆఖరి రోజులు జనవరిలోకి పోతాయి కదా, అప్పుడు? అప్పుడు రెండు సాళ్ళూ చూపించి మనిషిని అడగాలని తనే తేల్చింది. ఆ సందేహం ఏజెంట్‌కి రాలేదు. నాకూ రాలేదు.

కిందటి నెల ఖాలా కాగితం మళ్ళీ తర్జుమా చేసి పంపాం. ఖుర్దాద్ 14, 1358 ఫస్లీ, 1949వ సంవత్సరం. మహర్ రెండు వందల రూపాయలు, ఆ పైన మడత దగ్గర చిరిగినచోట ఖాళీ. వకీలు చదివి, ఇప్పుడు లెక్క కుదిరింది అన్నాడట. కోర్టుకి మాత్రం సర్టిఫైడ్ తర్జుమా కావాలి, యాప్‌ది నడవదు అన్నాడు. అది సబబే. పేచీ ఇంకా తేలలేదు. అల్లా అసలు హఖ్‌దారుకే ఇప్పించుగాక.

ఆ ఖాళీచోట తెలుగులో ఏం రాయాలని బిటియా అడిగింది. చదవబడలేదు అంటే బాగోలేదంది. దాదా మాటే ఉంచుదాం అంది. తనకి ఉర్దూ మాట్లాడటమే వచ్చు. రెండున్నర నెలలుగా దాదా దగ్గర అలిఫ్ బే నేర్చుకుంటోంది. కలం తీసుకుని తనే రాసింది, పఢా నహీ గయా. జీవితంలో తను రాసిన మొదటి ఉర్దూ వాక్యం. తెచ్చి దాదాకి చూపించింది. నహీ చివర నూన్ గున్నా ఉంటుంది, దానికి నుఖ్తా ఉండదు. తను పెట్టింది.

అబ్బా ఎర్ర పెన్ను తీసుకుని ఆ నుఖ్తాని కొట్టేశారు. “ఇంకోసారి రాయి” అన్నారు.